పిలుపు ఏ ప్రాసెసర్‌కు వెళ్లాలి

పని వేళల్లో ఫోన్ చేయవద్దని మా ఆవిడ సలోమి నాకు చాలాసార్లు చెప్పింది. అయినా చేస్తూనే ఉంటాను. భోజనం అయిందా అని మొదలుపెట్టి, మెషిన్ ఎలా ఉంది, ఈ వేళ నెట్‌వర్క్ కార్డు ఏ ప్రాసెసర్‌ను సతాయిస్తోంది అని అడుగుతాను. ఒకరోజు ఆమెకు విసుగొచ్చింది.

“ఇవన్నీ తెలిసినదాన్ని, నాకు చెప్పి ఏటి లాభమండీ? ఇప్పుడు ఈ పనిలో చేరతన్న పిల్లలున్నారు కదా, వాళ్లకి రాసిపెట్టండి. నన్ను పని చేసుకోనివ్వండి,” అని ఫోన్ పెట్టేసింది.

అందుకని రాస్తున్నాను.

ఎన్నో ప్రాసెసర్లు ఒకే వ్యవస్థగా పనిచేసే పెద్ద కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలో, హైదరాబాదులో నా ఉద్యోగమంతా గడిచింది. ఆపరేటింగ్ సిస్టమ్ బృందంలో నాది ఒక మూల. బయటి పరికరాల నుంచి వచ్చే పిలుపులను ఏ ప్రాసెసర్‌కు పంపాలో నిర్ణయించే భాగం నా చేతిలో ఉండేది. సలోమి అదే కంపెనీలో హార్డ్‌వేర్ వైపు పనిచేసేది. నాకు రిటైర్మెంట్ వచ్చింది. ఆమె కూడా నాతోపాటే మానేసి, తన సొంతూరు అనకాపల్లి వచ్చేయాలని ముందే అనుకున్నాం. హైదరాబాదు ఫ్లాటు అమ్మేసి, ఇక్కడ ఆమె తమ్ముడు డేవిడ్ షాపు మీద చిన్న ఇల్లు వేసుకున్నాం. డేవిడ్ కరెంటు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. చెరుకు తోటల మోటార్లు, క్రషర్ల మోటార్లు కాలిపోయి అతని దగ్గరికి వస్తాయి.

ఇల్లు పూర్తయ్యే వేళకు కంపెనీ వాళ్లు సలోమిని ఆపారు. మేమిద్దరం చేసిన పాత మెషిన్లలో ఒకటి ఇంకా ఒక కేంద్రంలో నడుస్తోంది. దాన్ని ఆపి కొత్తది పెట్టే వరకు ఉండమన్నారు. ఆమె అక్కడ గెస్ట్ హౌస్‌లో ఉంటుంది. కుటుంబాలకు చోటు లేదు. వీలున్నప్పుడు రైలెక్కి వస్తుంది, రెండు రోజులుండి వెళ్తుంది. నేనిక్కడ ఆమె ఊళ్లో, ఆమె ఏరుకున్న రంగు గోడల మధ్య ఉంటున్నాను.

ప్రమోషన్ల సంగతి, ఫైళ్ల సంగతి ఇందులో రాయను. అవి మీకూ వస్తాయి, వచ్చినప్పుడు తెలుస్తాయి.

ముందుగా ఒక్క మాట

ఇంటరప్ట్ అంటే పుస్తకంలో పెద్ద నిర్వచనం ఉంటుంది. నిజానికి విషయం చిన్నది. ప్రాసెసర్ ఏదో లెక్క చేసుకుంటూ ఉంటుంది. ఇంతలో నెట్‌వర్క్ కార్డుకు ఏదో సమాచారం అందుతుంది, లేదా డిస్కు అడిగినది తెచ్చి ఇస్తుంది. “వచ్చింది, చూసుకో” అని అది ప్రాసెసర్‌ను పిలుస్తుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని, పిలిచినదాని సంగతి చూసి, మళ్లీ తన పనికి వస్తుంది. ఒక్క ప్రాసెసరే ఉంటే ఎవరిని పిలవాలన్న సందేహం లేదు. ఎన్నో ఉంటే ఎవరిని పిలవాలి? నా జీతమంతా ఈ ప్రశ్నకే ఇచ్చారు.

సున్నాల తెర

నేను చేరిన కొత్తలో ఒక ఫిర్యాదు వచ్చింది. చిన్న మెషిన్ తీసేసి మా పెద్దది కొనుక్కున్నవాళ్లు, ఇదే నెమ్మదిగా ఉందన్నారు. తప్పు హార్డ్‌వేర్ వాళ్లదని మా బృందం తేల్చేసింది. ఏ పరికరం తీగ ఎక్కడ కలుస్తుందో చెప్పే పట్టిక వాళ్లు రాసి ఇస్తారు. అది తప్పుగా ఉందని చెప్పి రమ్మని నన్ను పంపారు.

పక్క బిల్డింగులో ఆ పట్టిక రాసిన మనిషి సలోమి. నేను చెప్పిందంతా విని, నాతో గొడవ పడకుండా లేచి మా ల్యాబ్‌కు వచ్చింది. తెర మీద ఒక్కో పరికరానికి ఒక్కో వరస, ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో నిలువు గడి. ఏ పరికరం ఏ ప్రాసెసర్‌ను ఎన్నిసార్లు పిలిచిందో అందులో కనిపిస్తుంది. మొదటి ప్రాసెసర్ గడిలో అంకెలు కంటికి ఆనకుండా పరిగెడుతున్నాయి.

“ఈ సున్నాలన్నీ ఎవరివండీ?” అని అడిగింది.

“మిగతా ప్రాసెసర్లవి.”

“నా పట్టికలో అందరి పేర్లూ ఉన్నాయి. మీరు ఒక్కడినే పిలుస్తన్నారు. మిగిలినోళ్లు ఏటి చేత్తారు మరి?”

కారణం కనుక్కోవడానికి ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. మెషిన్ లేచేటప్పుడు మొదట మేలుకునేది ఒకటే ప్రాసెసర్. అప్పటికి మిగతావి నిద్రలో ఉంటాయి. పరికరాలన్నింటికీ ఆ ఒక్కదాని చిరునామాయే ఇస్తాం. తర్వాత మిగతావి లేస్తాయి, కానీ ఆ చిరునామా మార్చడం మా వైపు ఎవరికీ తట్టలేదు. ప్రాసెసర్లు ఎన్ని పెంచినా పిలుపులన్నీ ఒక్కదాని నెత్తినే పడుతున్నాయి.

తప్పు ఆమెదని చెప్పడానికి వెళ్లినవాణ్ని. ఆమె ఆ మాట ఎత్తలేదు. కుర్చీ వెనక్కి జరిపి, “అయితే మార్చీండి, మళ్లీ చూద్దాం,” అంది. ఆ ‘చూద్దాం’లో నేనూ ఉన్నానని ఎంతో సంతోషపడ్డాను. పక్క బృందం మీద నేరం మోపే ముందు వాళ్లను పిలిచి మీ తెర చూపించండి. అంతకంటే పెద్ద ఉపదేశం నా దగ్గర లేదు.

చలపతి గారు

అప్పటి మా బాస్ చలపతి గారు. మంచి మనిషి. ఎవరికీ ఎక్కువ తక్కువలు కాకూడదంటారు. ఆఫీసులో కోవా పంచినా ముక్కలు సమంగా ఉన్నాయా లేదా అని చూసేవారు. మెషిన్‌కూ అదే న్యాయం అమలు చేయమన్నారు. ఒక పిలుపు ఒకరికి, తర్వాతది పక్కవాడికి, ఆ తర్వాతది ఆ పక్కవాడికి.

మీటింగులో సలోమి వద్దంది. “ఒక ప్రాసెసర్ ఒక పని మొదలెట్టేక, దానికి కావలసిందంతా దగ్గర పెట్టుకుంటుందండి. తర్వాత ముక్క ఇంకోడికిస్తే ఆడు మళ్లీ మొదటి నుంచి తెచ్చుకోవాలి.”

“మీరు హార్డ్‌వేర్ వాళ్లు, ఇది మా నిర్ణయం,” అన్నారాయన.

నేను ఆయన చెప్పినట్టే రాశాను. తెర అద్భుతంగా ఉంది. గడులన్నీ ఒకే వేగంతో నిండుతున్నాయి. మెషిన్ మాత్రం ఇంతకు ముందు కంటే నెమ్మదించింది. సలోమి చెప్పినది ఒక కారణం. ఇంకోటి మేం ఊహించలేదు. ఒకే సందేశం తాలూకు ముక్కలు తలా ఒక ప్రాసెసర్‌కు వెళ్లి, ఒకటి ముందు, ఒకటి వెనక బయటికి వస్తున్నాయి. మధ్య ముక్క పోయిందనుకుని, పంపినవాణ్ని మళ్లీ పంపమని అడుగుతోంది మెషిన్.

చలపతి గారు ల్యాబ్‌కు వచ్చి స్వయంగా చూశారు. మర్నాడు అందరినీ కూర్చోబెట్టి, “సలోమి గారు చెప్పిందే సరైనది. నేను వినలేదు,” అన్నారు. ఆ మాట నలుగురిలో అనగలిగిన బాస్ తర్వాత నాకు ఎదురుపడలేదు. ఆయన తర్వాత వచ్చినవాళ్లలో ఒకాయనకు గ్రాఫులు చదునుగా కనిపిస్తే చాలు. ఆయనకు బాగా కనిపించే గ్రాఫులు ఇచ్చి, మెషిన్ సంగతి మేం వేరే చూసుకునేవాళ్లం. అలాంటి బాస్ దగ్గర కూడా పని జరుగుతుంది. మీలో మీరు నిజం చెప్పుకుంటూ ఉంటే చాలు.

పిలుపు వెళ్లవలసింది దానికోసం ఎదురుచూస్తున్న ప్రోగ్రాము దగ్గరికి. అది ఏ ప్రాసెసర్ మీద ఉందో అక్కడికి, వీలైతే, పెద్ద మెషిన్‌లో భాగాలుగా ఉండే మెమరీలో ఆ పరికరానికి ఏ భాగం దగ్గరో ఆ వైపుకు. మిగిలిన సూత్రాలన్నీ దీని తర్వాతే.

బస్ స్టాపు దాకా నడక

మాకు పెళ్లయింది. సలోమి వాళ్లది అనకాపల్లిలో చర్చికి వెళ్లే కుటుంబం, మేం తెనాలి వైపు వాళ్లం. మా అమ్మ కొన్నాళ్లు మాట్లాడలేదు, తర్వాత మాట్లాడింది. దాని గురించి ఇంకేం రాయను.

రాయాలనిపించేది కంపెనీ బస్సు ఎక్కే స్టాపు దాకా మేం నడిచిన రోడ్డు గురించి. పొద్దున్నే ఇంటి తలుపు వేసిన దగ్గర నుంచి బస్సు కనిపించే దాకా ఇద్దరం మెషిన్ గురించే మాట్లాడుకునేవాళ్లం. మేం బాగు చేసినవాటిలో చాలావరకు ఆ రోడ్డు మీదే బాగయ్యాయి.

ఒకసారి పిలుపులను తనంతట తానే సర్దే ప్రోగ్రాము రాశాను. కాసేపటికోసారి ఎవరి మీద భారం ఎక్కువుందో చూసి, అక్కడి పిలుపులను ఖాళీగా ఉన్నవాడి వైపు మళ్లిస్తుంది. నాకది చాలా నచ్చింది. కానీ కొన్ని మెషిన్లలో వేగం ఊగిసలాడేది, ఒక నిమిషం బాగుండేది, మరో నిమిషం పడిపోయేది. రోజుల తరబడి చూశాను. ఇంట్లో కూడా ముభావంగా ఉండేవాణ్ని.

ఆ రోడ్డు మీద, కిళ్లీ కొట్టు దాటుతుండగా సలోమి అడిగింది. “ప్రోగ్రాముల్ని ఒక ప్రాసెసర్ నుంచి ఇంకోదానికి మార్చేది ఎవరండీ?”

“షెడ్యూలర్.”

“అదేటి చూసి మారుస్తాది?”

“ఎక్కడ భారం ఎక్కువుందో చూసి.” అంటూనే ఆగిపోయాను.

“అదీ. మీది పిలుపుని ప్రోగ్రాము దగ్గరికి తోలతాది. పిలుపులొచ్చి బరువెక్కిందని అది ప్రోగ్రాముని వేరే చోటికి తోలతాది. మీది మళ్లీ దాని ఎనకాల ఎళ్తాది. రెండూ రోజంతా తరుముకుంటన్నాయి.”

బస్సు వచ్చి ఆగింది. డ్రైవర్ హారన్ కొట్టాడు. నేను ఆమెనే చూస్తూ ఉండిపోయాను. నా ప్రోగ్రాము గొప్పది కాదని ఆమె అనలేదు, దాన్ని కాస్త బద్ధకంగా ఉండమని చెప్పమంది. అవసరం బాగా కనిపిస్తేనే కదలాలి, కదిలాక కొంతకాలం అక్కడే ఉండాలి. ఆ చిన్న మార్పుతో ఊగిసలాట తగ్గిపోయింది.

ఇప్పుడు నేను అనకాపల్లి వీధుల్లో పొద్దున్నే నడుస్తాను. బెల్లం మార్కెట్ దాకా వెళ్లి తిరిగొస్తాను. దిమ్మలు దింపే లారీల పక్కగా నడుస్తుంటే నోటిదాకా మాట వస్తుంది, పక్కకు తిరుగుతాను. నా మాట వినడానికి ఎవరూ లేరు. డేవిడ్ ఒకసారి నాతో వచ్చాడు. మంచివాడు, మోటార్ల గురించి ఎంతైనా చెబుతాడు, వింటాను కూడా. ఇంటికొచ్చాక, “నువ్వు మా అక్క కోసం చూత్తన్నావు బావా, నాతో నడిచినా ఒకటే, నడవకపోయినా ఒకటే,” అన్నాడు. కోపంతో అనలేదు. తర్వాత నుంచి రాలేదు.

తుపాను లెక్క

ఒక్క కేసు చెప్పమంటే ఇదే చెబుతాను. కేంద్రం పేరు చెప్పను. తుపాను ఎటు వెళ్తుందో లెక్కలు కట్టే చోటు. మా మెషిన్లలో అన్నింటికంటే పెద్దది అక్కడ పెట్టాం. సలోమి ఇప్పుడు ఉన్నది అక్కడే.

బంగాళాఖాతంలో వాయుగుండం బలపడుతున్న రోజులు. రాడార్ల నుంచి సమాచారం ఆగకుండా వస్తోంది. లెక్క పూర్తయ్యే వేళకు సముద్రంలో పరిస్థితి మారిపోతోంది, వచ్చిన ఫలితం పాతబడిపోతోంది. అక్కడి శాస్త్రవేత్త మూర్తి గారు ఫోన్ చేస్తే ఇద్దరం వెళ్లాం. ఆయన ముఖం చూస్తే నిద్రపోయి ఎన్నాళ్లయిందో అనిపించింది.

ఆ లెక్క ఎలా జరుగుతుందంటే, సముద్రపు పటాన్ని ముక్కలు చేసి ఒక్కో ప్రాసెసర్‌కు ఒక ముక్క ఇస్తారు. ప్రతి అడుగులోనూ ఎవరి ముక్క వాళ్లు చేసి, అంచులు పక్కవాళ్లకు ఇచ్చుకుని, అందరూ చేరాక తర్వాతి అడుగు వేస్తారు. ఒక్కడు ఆలస్యమైతే అందరూ ఆగాలి. రాడార్ సమాచారం అందుకునే కార్డుకు దగ్గరగా ఉన్న కొన్ని ప్రాసెసర్లు పిలుపులు చూసుకోవడంలోనే సగం కాలం గడుపుతున్నాయి. వాటికీ అందరితో సమానంగా పటం ముక్కలు ఇచ్చారు. మెషిన్ అంతా వాటి కోసం నిలబడుతోంది.

పిలుపులను అందరికీ పలచగా పంచుదాం, ఒక్కొక్కరి మీద కొంచెమే పడుతుంది కదా అన్నాను.

సలోమి తల అడ్డంగా ఊపింది. “అలా చేత్తే ప్రతి అడుగులోనూ ఎవడో ఒకడు ఆగి ఉంటాడండీ. ఒకసారి వీడు, ఒకసారి ఆడు. అందరూ ఆడి కోసం ఆగాలి. ఆ కార్డు దగ్గరున్న వాటి నుంచి పటం ముక్కలు తీసేద్దాం. అవి పిలుపులే చూసుకోవాలి, ఇంకేటీ చెయ్యకూడదు.”

మూర్తి గారు ఒప్పుకోలేదు. “ఉన్న ప్రాసెసర్లు చాలకనే కదమ్మా మిమ్మల్ని పిలిచింది. వాటిలో కొన్ని లెక్కలోంచి తీసేస్తే ఇంకా ఆలస్యం కాదా?”

“చేసి చూద్దామండి. ఆలస్యమైతే వెంటనే తిరిగి ఇచ్చేత్తాం.”

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. ఆకాశం బూడిదరంగులో ఉంది. “ఇప్పుడు నడుస్తున్న లెక్క ఆపితే, అది పోయినట్టే. తర్వాతది మొదటి నుంచి మొదలుపెట్టాలి. తెలుసా మీకు?”

“తెలుసండి. మా నాన్న అనకాపల్లిలోనే ఉన్నారు. పూడిమడకలో మావోళ్లు పడవలేసుకుని ఎళ్తారు,” అంది సలోమి. గొంతు ఎత్తలేదు.

ఆయన ఆపమన్నారు. మేం మార్చాం. కొత్త లెక్క మొదలైంది. మొదటి అడుగు, రెండో అడుగు. నేను గడియారం చూడడం మానేసి మూర్తి గారి ముఖం చూస్తున్నాను. ఆయనకు ఆ లెక్క నడక ఒంట్లో తెలుసు. కాసేపటికి, అడుగులు మునుపటికంటే త్వరగా పడుతున్నాయని తెలిసి, ఆయన నెమ్మదిగా కుర్చీలోంచి లేచారు. ఫలితం కాగితం వచ్చేవరకు ప్రింటర్ దగ్గరే నిలబడ్డారు. వచ్చీరాగానే అది తీసుకుని ఫోన్ దగ్గరికి పరిగెత్తారు.

తుపాను మా తీరానికి కాస్త ఉత్తరంగా దాటింది. చెట్లు పడ్డాయి, పైకప్పులు లేచిపోయాయి. పూడిమడక వాళ్ల పడవలు అప్పటికే ఒడ్డు మీద ఉన్నాయి. ఆ హెచ్చరికలో మా పాలు ఎంతో నాకు తెలియదు, కొలవడానికి దారీ లేదు. సలోమి ఆ మెషిన్ రూము గడప మీద కూర్చుని వాళ్ల నాన్నతో ఫోన్‌లో మాట్లాడుతూ కళ్లు తుడుచుకోవడం గుర్తుంది. లోపల ఫ్యాన్ల హోరు. ఆ హోరు ఇప్పుడు కూడా నాకు కావాలనిపిస్తుంది. ఇక్కడ ఎక్కడా వినిపించదు.

ఆపిన రోజు

ఇప్పటి నెట్‌వర్క్ కార్డులు వేరు. ఒక్కో ప్రాసెసర్‌కు ఒక్కో వరస వాటిలోనే ఉంటుంది, ఒక సందేశం ముక్కలన్నీ ఒకే వరసలో వెళ్తాయి. మేం ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్‌లో పడిన అవస్థ చాలావరకు కార్డు లోపలే తీరిపోతోంది. మంచిదే. అయినా ఏ వరస ఎవరికివ్వాలో ఎవరో ఒకరు ఆలోచించాలి. ఆ ఎవరో మీరే.

ఇక్కడిదాకా రాశాక పాత మెషిన్‌ను ఆపే రోజు వచ్చింది. సలోమి తనే ఫోన్ చేసింది, పట్టపగలు. నేను కింద షాపులో డేవిడ్ పక్కన కూర్చుని ఉన్నాను.

“వింటారా?” అంది. ఫోన్‌ను మెషిన్ దగ్గరికి తీసుకెళ్లినట్టుంది. ఫ్యాన్ల హోరు వచ్చింది. డేవిడ్ చేతిలో పని ఆపి, గ్రైండర్ స్విచ్ కట్టేశాడు. కాసేపటికి హోరు సన్నబడింది, తర్వాత ఈల లాగా సాగింది, ఆ తర్వాత ఏమీ లేదు. దూరంగా ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

“అయిపోయిందండీ,” అంది సలోమి.

ఇక వచ్చేస్తావా అని అడగాలనుకున్నాను. ఆమె ముందే మాట్లాడింది.

“బెంగళూరు ల్యాబ్‌కి రమ్మంటన్నారు. కొత్త మెషిన్ల మీద. ఇంకో రెండేళ్లు. నేను ఏటీ చెప్పలేదు. మిమ్మల్ని అడిగి చెప్తానన్నాను.”

“నీకు చేయాలని ఉందా?”

“ఉంది. ఇల్లు కూడా గుర్తొస్తంది.”

నేనేం అనాలనుకున్నానో దాచను. ఇంతకాలం ఆమె కోసం ఎదురుచూశాను, వచ్చేయమందామనుకున్నాను. కానీ ఆ పని లేకుండా బతకడం ఎలా ఉంటుందో ఆ క్షణానికి నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఆమెకు అది అప్పుడే రాకూడదనిపించింది.

“చెయ్యి,” అన్నాను.

“మరి మీరు?”

“అక్కడ నాకు చోటుందా?”

“ఇల్లు ఇస్తారంట. ల్యాబ్‌లోకి మాత్రం రానివ్వరు మిమ్మల్ని.” చిన్నగా నవ్వింది. “వత్తారా?”

వస్తానన్నాను. ఫోన్ పెట్టాక డేవిడ్ అడిగాడు. “ఏటంది అక్క?”

“బెంగళూరు వెళ్తుందట. నేనూ వెళ్తాను.”

“ఇల్లు మూసీడానికేనా కట్టేవు బావా?” అన్నాడు. తర్వాత చేతులు తుడుచుకుని, “తాళం నాకిచ్చీ. ఆదివారాలు తలుపులు తీసి గాలి పెడతాను,” అన్నాడు.

రేపు నా బండి. బట్టలు సర్దేశాను. ల్యాబ్ గుమ్మం నేను దాటలేనని తెలుసు, ఆ తెర ముందు నా కుర్చీ ఉండదని కూడా తెలుసు. సాయంత్రాలు ఆమె తలుపు తోసుకుని లోపలికి వస్తుంది, చెప్పులు విప్పుకుంటూనే ఆ రోజు మెషిన్ ఏం చేసిందో చెప్పడం మొదలుపెడుతుంది. నేను పొయ్యి తగ్గించి, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి వింటాను.